తొట్టిలో నిలబడిన బిడ్డ

జవళగిరి చుట్టుపక్కల ఎవరికి నెలలు నిండినా పుట్టమ్మకే కబురు వచ్చేది. అందుకే కూతురు మంజులమ్మ తొలికాన్పుకు పుట్టింటికి వచ్చినప్పుడు ఇంకో మంత్రసానిని పిలవాలని ఎవరికీ తోచలేదు.

ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే ఏడవలేదు. పుట్టమ్మ బిడ్డను కాళ్ళ మీద వేసుకుని వీపు రుద్దింది, నోట్లో జిగురు తీసింది, వేణ్ణీళ్ళు పోసింది. బిడ్డ కెవ్వుమంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా నీళ్ళ తొట్టి చుట్టూ చేరి నవ్వుకుంటున్నారు. వాళ్ళ వెనక మంజులమ్మ నెత్తురు చాప దాటి నేలకు పాకింది. పుట్టమ్మ తిరిగి చూసేసరికి కూతురి ఒళ్ళు చల్లబడిపోతోంది.

పుట్టమ్మ ఏడవలేదు. అల్లుడు మారియప్ప బిడ్డను తన ఊరు బేరిగైకి ఎత్తుకుపోతుంటే వాకిట్లోకి కూడా రాలేదు. పురుటికి ఎవరు పిలిచినా "నాకు చేత కాదమ్మా" అనేది. చివరికి కృష్ణగిరి దగ్గర పల్లెలో అన్న ఇంటికి చేరి, అక్కడి చర్చి ఊడ్చే పనిలో కుదిరింది. అది పందొమ్మిది వందల యాభై ఏడు.

చర్చి గోడకు ఒక చెక్క పటం ఉండేది. ఇటలీ నుంచి వచ్చిన ఫాదరు, ఊరివాళ్ళ మాటలో సామియారు, దాన్ని తన ఊరి నుంచి తెచ్చుకున్నాడు. ఆరేడు వందల ఏళ్ళ నాటిదట. బంగారుపూత అక్కడక్కడా రాలిపోయింది. గళ్ళు గళ్ళుగా చర్చివాళ్ళు కొలిచే పునీతుల కథలు. ఒక గడిలో ఒకాయన్ని ఇనుప చట్రం మీద కాలుస్తున్నారు. ఇంకొక గడిలో గుర్రం మీద ఉన్నాయన తన పైబట్ట చించి బిచ్చగాడికి ఇస్తున్నాడు. పుట్టమ్మ రోజూ దాన్ని పొడిబట్టతో తుడిచేది, బల్లలు తుడిచినట్టే. అందులో ఏముందో ఏనాడూ చూడలేదు.

ఒక వానరోజు పూజకు ఎవరూ రాలేదు. ఊసుపోక సామియారు ఆమెను పటం దగ్గరికి పిలిచి, అరవం కలిసిన తెలుగులో చెప్పసాగాడు.

"ఈ బిడ్డ పునీత నికోలాసు. పుట్టిన దినమే తొట్టిలో లేచి నిలబడినాడు. అద్భుతం!"

పుట్టమ్మ చూసింది. చేతులు జోడించి నీళ్ళలో నిలబడిన పసిబిడ్డ. అటూ ఇటూ ఇద్దరు ఆడవాళ్ళు. వెనక మంచం మీద ఇంకొకామె, గోడవైపు ముఖం తిప్పుకుని.

"ఈమె ఎవురు సామీ?"

"బిడ్డ తల్లి."

"ఆమెను ఎవురూ చూడలేదే."

సామియారు దగ్గరికి వంగి చూశాడు. "అవును. చూడలేదు."

"తర్వాత ఆమెకు ఏమాయ?"

"కథలో తల్లి సంగతి లేదమ్మా."

"నేనూ చూడలేదు సామీ," అంది పుట్టమ్మ. జరిగినదంతా ఎవరి ఇంట్లోనో జరిగినట్టు చెప్పింది. ఆయన దేవుడి మాట ఎత్తలేదు. వానజల్లు కొట్టకుండా కిటికీ మూసి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. ఆమె చీపురు తీసుకుని అవతలి వరస ఊడ్చింది.

అరవై ఒకటిలో మారియప్ప వచ్చి చర్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడని పుట్టమ్మకు తెలుసు.

"అత్తా, అంగాళమ్మకు నెలలు నిండినాయి. నువ్వు రావల్ల."

"ఆడ మంత్రసాని లేదా అప్పా?"

"ఉండాది. అంగాళమ్మే నిన్ను పిలవమనింది. 'నాకు అమ్మ లేదు, మంజులక్క అమ్మ ఉండాది గదా' అనింది."

పుట్టమ్మ చీపురు గోడకు ఆనించింది. చేతులు కడుక్కుని, అతని వెనకే బస్సెక్కింది.

మర్నాడు పొద్దున మగబిడ్డ పుట్టాడు. పుట్టమ్మ బొడ్డు కోసి బిడ్డను పక్కింటామె చేతుల్లో పెట్టింది.

"నీళ్ళు నువ్వు పొయ్యమ్మా. నేను ఈడనే ఉంటాను."

పుట్టమ్మ అంగాళమ్మ పొత్తికడుపు మీద చెయ్యి అదిమిపెట్టి కూర్చుంది. గుడ్డ తీసి చూసింది, మార్చింది, మళ్ళీ చూసింది. మాయ సరిగా పడింది. నెత్తురు తగ్గింది.

గుమ్మంలో మంజులమ్మ కూతురు నిలబడి ఉంది. అదే నుదురు, అవే పెదాలు.

"అవ్వా, తమ్ముణ్ణి చూడవా?"

"చూస్తాలేమ్మా."

పిల్లను చూస్తే ఏదో పొంగుకొస్తుందని పుట్టమ్మ ఎదురుచూసింది. ఏమీ రాలేదు. పిల్ల వచ్చి ఆనుకుని కూర్చుంటే కొంచెం జరిగి చోటిచ్చింది, అంతే.

ఆమె బేరిగైలో ఉండిపోలేదు. కృష్ణగిరి వైపు పల్లెల్లో పురుళ్ళకు పిలిస్తే మాత్రం మళ్ళీ పోసాగింది. ఎక్కడికి పోయినా బిడ్డను పట్టుకోవడానికి ఇంకొకామె ఉంటేగానీ లోపలికి అడుగుపెట్టేది కాదు. పొద్దున్నే వచ్చి చర్చి ఊడ్చేది.