నీళ్ళాడేది ఎప్పుడు?

ఈత నాకు మా బాపు నేర్పాడు. నడుముకు ఎండు సొరకాయ బుర్రలు కట్టి బావిలోకి తోశాడు. మా ఊరి పిల్లలం దాన్ని ఈత అనేవాళ్ళం కాదు, నీళ్ళాడుడు అనేవాళ్ళం. సుల్తానాబాద్ దగ్గరి ఊరికి కోడలిగా వెళ్తే, అదృష్టం కొద్దీ అక్కడి పొలంలోనూ మెట్ల బావి ఉంది. కూలీలు ఇళ్ళకు మళ్ళాక ఆడబిడ్డను గట్టున కాపలా పెట్టి దిగేదాన్ని. కడుపుతో ఉన్నానని తెలిశాక మానేశాను.

నన్ను కన్న అవ్వ మంచాన పడి ఉండటంతో తొలి కాన్పు మా అత్తే చేయించింది. సర్కారు దవాఖానలో కోస్తా నుంచి వచ్చిన డాక్టరమ్మ ఉండేది. ఇంటికి పంపేరోజు, నాకు ఆత్రం ఆగక అడిగాను.

"డాక్టరమ్మా, మల్ల ఎప్పుడు నీళ్ళాడొచ్చు?"

ఆమె నవ్వింది. "అప్పుడే తొందరేంటమ్మా? రెండేళ్ళు ఆగు. ఒళ్ళు కోలుకోవద్దూ?"

నా గుండె జారిపోయింది. పక్కనున్న అత్తకు మాత్రం పండుగే. నా బావి పిచ్చి ఆమెకు ఎన్నడూ గిట్టలేదు. "ఊరందరిది ఒక తొవ్వ, ఉలిపికట్టెది ఒక తొవ్వ. ఇన్నవా, పెద్ద డాక్టరే చెప్పింది" అంటూ వాడంతా చాటింది.

చెవుల్లో దూది, మంచం కింద కుంపటి. చల్లనీళ్ళు ముడితే వాతం చేస్తుందట. ఆ మాట చెప్పిన అత్తే మూడో నెల నిండకముందే నన్ను వరినాట్లకు పంపింది. పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా మోకాటి లోతు నీళ్ళలో వంగి ఉండేదాన్ని. రవికె పాలతో తడిసిపోయేది.

"గీ నీళ్ళు వాతం జెయ్యవా అత్తా?" అన్నాను.

"గిది పని బిడ్డా. గది ఆట."

ఎండాకాలం మా ఆయన గట్టు మీంచి దూకి, వెల్లకిలా తేలుతూ, "జర ఓపిక పట్టు, ఎన్ని దినాలు గావాలె" అనేవాడు. మండిపోయేది నాకు. అయినా ఓపిక పట్టాను. పిల్లకు ఏడాది నిండకముందే మళ్ళీ నెల తప్పాను.

అదే దవాఖాన, అదే డాక్టరమ్మ. కార్డు చూసి నామీద ఇంతెత్తున లేచింది. "రెండేళ్ళు ఆగమన్నానా లేదా? నీకు చెవులు లేవా?"

"ఆగిన డాక్టరమ్మా! మీ మీద ఒట్టు, ఒక్కనాడన్న బాయిల దిగలే."

"బావి ఏంటి?"

నేను వివరంగా చెప్పాను. ఆమె నుదురు కొట్టుకుంది. "ఈతా నువ్వడిగింది! మావైపు నీళ్ళాడటమంటే కాన్పవడమే తల్లీ. నెత్తురు పూర్తిగా ఆగి, కుట్లు మానాక, ఓసారి నాకు చూపించుకుని మెల్లగా దిగేదానివి. నేను ఆగమన్నది బిడ్డకు."

అత్త ఇదంతా నా పక్కనే నిలబడి విన్నది.

ఇంటికి రాగానే మామ అడిగాడు, డాక్టరమ్మ ఏమన్నదని.

"ఏమంటది? బాయి ముచ్చటకే కోపం జేసింది. గీసారి గూడ రెండేండ్లేనట" అంది అత్త, మంచినీళ్ళు తాగినంత సులువుగా.

నా ఒళ్ళు భగ్గుమంది. "అబద్ధం మామా! ఆగుమన్నది బాయికి గాదు, కాన్పుకు. నన్ను గాదు, మీ కొడుకును!"

మామ తువ్వాల భుజాన వేసుకుని బయటికి పోయాడు. మా ఆయన కాళ్ళు కడుగుతున్నవాడు కడుగుతూనే ఉన్నాడు. "సిగ్గు శరం లేదానె?" అంది అత్త. వారం రోజులు ఎవరూ నాతో మాట్లాడలేదు.

రెండోవాడికి మూడో నెల దాటాక ఒక్కదాన్నే వెళ్ళి డాక్టరమ్మకు చూపించుకున్నాను. సరేనంది, లోతుకు పోవద్దంది. ఎవరినీ అడగకుండా ఆడబిడ్డను తీసుకుని బావికి వెళ్ళి, మెట్ల మీదుగా దిగాను. నాలుగు బారలకే ఊపిరి అందలేదు. నడుము బండలా కిందికి లాగింది. మెట్టు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఆడబిడ్డ భయపడి "ఏమైంది వదినా?" అని కేకేసింది. ఏమని చెప్పను? రెండు కాన్పుల ఒంటితో కాదు, ఒక్క కాన్పు ఒంటితోనే రావలసినదాన్ని ఆ నీళ్ళలోకి.