మేడ్చల్ వైన్స్ ముందు లేబుల్ చదివి, శామీర్‌పేటలో మూత తీశాం

మా వదిన, అంటే మావారి అక్కయ్య, యాభై నిండిన సందర్భంగా ఓ కోరిక కోరింది. "ఆ బుడగలొచ్చే వైన్ ఒక్కసారి తాగి చూడాలమ్మాయ్. బాగోకపోతే మళ్లీ దాని పేరెత్తను." ఆవిడ నోరు తెరిచి ఏదైనా అడగడం నేనెప్పుడూ వినలేదు. ఉన్నది ఒక్కటే అవకాశం! వదినకి తీపంటే ప్రాణమని ఇంటిల్లిపాదికీ తెలుసు కాబట్టి, తియ్యటిదే వెతకాలని తీర్మానించుకున్నాను.

ఆదివారం పదకొండుకి వదినా నేనూ కొంపల్లిలో బయల్దేరాం. రోజంతటికీ క్యాబ్ రెండున్నర వేలు. కండ్లకోయ దాటి అరగంటలో మేడ్చల్ చేరి, హైవే పక్కన వైన్స్ దగ్గర ఆగాం. ఇక్కడ జాలీలోంచి పేరు అరవాలి, డబ్బు లోపలికి, సీసా బయటికి, అంతే. నేనేమో మూడు సీసాలు తీయించి లేబుళ్లు చదవడం మొదలుపెట్టాను.

కౌంటర్ అతను తెల్లబోయాడు. "చదువుడేందక్కా, తాగుడే గదా!"

వెనక లైన్లోంచి "జల్దీ గానియ్యుండ్రి" అని కేకలు. మా డ్రైవర్ యాదగిరి వాళ్లకి అడ్డం నిలబడ్డాడు. "చీర కొంటే నాలుగు మడతలిప్పి సూస్తరు గదా. గిది సూస్తే ఏమైతది?"

ఎంత సంబరమేసిందో! మూడూ ద్రాక్షతోటల నాసిక్‌లో తయారైనవే. "బ్రూట్" అంటే తీపి దాదాపు లేనట్టే. "ఎక్స్‌ట్రా డ్రై" చూసి, వైన్‌లో డ్రై అంటే తీపి లేనిదని విన్నాను కాబట్టి, అసలు తీపే ఉండదనుకున్నాను. ఫోన్‌లో వెతికితే, అది బ్రూట్ కన్నా కాస్త తియ్యనట! "డెమి-సెక్" బాగా తీపి. "ట్రెడిషనల్ మెథడ్" అని ఉంటే బుడగలు ఆ సీసాలోనే పుట్టాయన్నమాట. వదినకి డెమి-సెక్, నాకు బ్రూట్ తీసుకున్నాను.

ఒంటిగంటకి శామీర్‌పేట. చెరువు కనిపించే కాటేజీలో సీసా తెచ్చుకోవచ్చని ముందే ఫోన్‌లో కనుక్కున్నాను. రెండు సీసాలూ గంటసేపు ఐసులో పెట్టి, చేపల వేపుడు రాగానే మూతలు తీశాను. వదిన రెండు చెవులూ మూసుకుంది. డెమి-సెక్ ఓ గుక్క తాగి "బావుంది" అంది, మేం ఏం పెట్టినా అనే ఆ "బావుంది". నచ్చలేదని అర్థమైంది. అంతలో నా గ్లాసు లాక్కుని బ్రూట్ తాగి, కళ్లు మూసుకుంది.

"ఇదీ! ఇది నాది!"

"మీకు తీపిష్టం కదా వదినా?"

"మీరే అనుకున్నారు. నన్నెవరడిగారు?"

ఇద్దరం పడీపడీ నవ్వాం. కానీ లోపల సిగ్గేసింది. పాతికేళ్లుగా ప్రతి పండక్కీ ఆవిడ విస్తట్లో ఇంకో లడ్డూ వేస్తూ వచ్చింది నేనే. మీరూ ఇలా వెళ్తే ఒక్క సలహా: కొనేముందు లేబుల్ మీద తీపి సంగతి చూసుకోండి, దానికన్నా ముందు తాగబోయే మనిషిని అడగండి.