ఎడంచేతమ్మ అల్లిన వల

రేవులో చెత్త షెడ్డు తెరిచిన రోజున ఊరంతా ముక్కున వేలేసుకుంది. ఫోన్లో వీడియోలు చేసుకునే పిల్లలు నలుగురు, సముద్రంలో పడున్న ప్లాస్టిక్కూ పాత వలలూ బయటికి లాగేస్తామని చెప్పి, తమ వీడియోలు చూసేవాళ్లందరి దగ్గరా చందాలు పోగుచేశారట. ఆ చందాలతో ఒక పడవ అద్దెకు తీసుకున్నారు, నీళ్లలో మునిగి వెతికేవాళ్లను కుదుర్చుకున్నారు, తెచ్చిన చెత్తను వేరుచెయ్యడానికి మూతపడిన ఐసు ఫ్యాక్టరీ షెడ్డు తెరిపించారు. ఇంట్లో గది ఊడవమంటే మంచం దిగని వయసులో వీళ్లు సముద్రాన్ని ఊడుస్తారట అని నవ్వినవాళ్లు నవ్వారు. నవ్వకుండా, మొదటి రోజు పొద్దున్నే వెళ్లి పనిలో చేరింది ఒక్క ఎడంచేతమ్మ.

ఎడంచేతమ్మ అంటే ఆ రేవులో వలలు అల్లే ఆవిడ. యాభై దాటాయి. అసలు పేరు ఏదో కాగితాల్లో ఉంది గానీ దాన్ని అడిగేవాళ్లూ లేరు, ఆవిడ చెప్పిందీ లేదు. అందరూ వేసే ముడిలో దారం కొస కుడివైపుకు వాలితే ఆవిడ ముడిలో ఎడమకు వాలుతుంది. కళ్లు మూసుకుని తడిమినా ఇది ఆవిడ వల అని చెప్పెయ్యొచ్చు. అంత చెయ్యి తిరిగిన మనిషి వచ్చి చెత్త ఏరతానంటే షెడ్డు మేస్త్రీకి నమ్మబుద్ధి కాలేదు.

"నీకీ కంపు ఎందుకమ్మా? హాయిగా నీడపట్టున కూర్చుని వలలు అల్లుకోక?" అన్నాడు.

"ముప్ఫై ఏళ్లు అల్లాను బాబూ. ఇప్పుడు కాసేపు కోసి చూద్దామనిపించింది," అంది ఆవిడ.

అది అబద్ధం. చక్కగా, మొహంలో ఏ మార్పూ లేకుండా చెప్పిన అబద్ధం. నిజం చెప్పాలంటే తొమ్మిదేళ్లు వెనక్కి వెళ్లాలి.

ఆవిడ భర్త ఒకప్పుడు పెద్ద పడవను నడిపించే సరంగు. తర్వాత సొంతంగా చిన్న పడవ కొనుక్కుని ఒక్కడే చేపల వేటకు వెళ్లేవాడు, అయినా సరంగు అనే పేరు అతన్ని వదల్లేదు. ఒకసారి వల రాళ్లకు చిక్కుకుంటే కోసేసి, ఖాళీ చేతులతో ఇంటికి వచ్చాడు. ఆవిడ పళ్లు నూరుకుంటూ నాలుగు నెలలు కూర్చుని కొత్తది అల్లింది. నడుం పట్టేసింది, వేళ్లు పుళ్లు పడ్డాయి. ఆ కొత్త వల తీసుకుని అతను మొదటిసారి బయల్దేరిన పొద్దున, ఒళ్లు మండిపోతూ, "ఈసారి వల లేకుండా వచ్చావో, ఈ గడప తొక్కనివ్వను," అనేసి అటు తిరిగిపోయింది. అతను నీళ్ల క్యాను అందుకుని వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికి గాలి లేచింది. పడవ రాలేదు. ఆ తర్వాత పడవ చెక్క ముక్క కూడా ఒడ్డుకు రాలేదు.

గాలిలో నీళ్లు నిండిన వల చిన్న పడవను కిందికి లాగేస్తుంది. వల కోసేస్తే పడవ బతకడానికి కొంచెమైనా వీలుంటుంది. ఇది రేవులో పసిపిల్లలకు కూడా తెలుసు. మరి అతను కోశాడా? లేక భార్య అన్న మాట పట్టుకుని, వల వదిలితే ఇంటికి రానివ్వదని, చివరిదాకా పట్టుకునే ఉన్నాడా? తొమ్మిదేళ్లుగా ఆవిడను తింటున్నది ఈ ఒక్క ప్రశ్న. మనిషి పోయాడన్న సంగతి ఎప్పుడో ఒప్పుకుంది. తన నోరే అతన్ని ముంచిందా అన్నది తెలుసుకోకుండా మాత్రం ఉండలేకపోయింది.

వల దొరికితే ఆ సంగతి తెలుస్తుంది. తెగిపోయిన తాడు కొస పీచుపీచుగా, ఒక పోగు పొడుగ్గా ఒక పోగు పొట్టిగా ఉంటుంది. కత్తితో కోసిన తాడుకు పోగులన్నీ ఒక్క మట్టాన ఉంటాయి. అందుకే ఆవిడ షెడ్డులో చేరింది.

పని పద్ధతి ఇదీ. పడవ మీదే చెత్తను రెండుగా విడదీసేవాళ్లు. క్యాన్లూ సీసాలూ నీలం సంచుల్లోకి, వలలూ తాళ్లూ నల్ల సంచుల్లోకి. ఏ రకం ఎంత తీశారో వీడియోలో గుట్టలు పోసి చూపించాలి కదా, లేకపోతే చందాలిచ్చినవాళ్లు ఊరుకుంటారా! సంచులు షెడ్డుకు వచ్చాక క్యాన్లు మిషన్లో నలిగి ఇటుకల్లాంటి అచ్చులవుతాయి, వలలను బారెడు ముక్కలుగా కొయ్యాలి. ఎడంచేతమ్మ మాత్రం ప్రతి వలనూ ముందు ఎడంచేత్తో తడుముతుంది, తాడు కొసలన్నీ వెలుతురులో పెట్టి చూస్తుంది, అప్పుడు గానీ కత్తి పెట్టదు. పక్కవాళ్లు మూడు సంచులు కోసేసరికి ఆవిడది ఒకటి.

"పెళ్లిచూపులా అమ్మా అవి? కొయ్యి!" అని మేస్త్రీ తల పట్టుకునేవాడు.

వీడియోలు తీసే నలుగురిలో ఒక పిల్ల ఉంది, పాతికేళ్లుంటాయి. ఎండకు ముక్కు తోలు ఊడిపోయినా, మెడలో ఫోను వేలాడేసుకుని తెల్లారకముందే పడవెక్కేది. రేవులో అందరూ వీడియో పిల్ల అనేవాళ్లు. మొదట్లో ఎడంచేతమ్మను ఆంటీ అంది. "ఇంకోసారి ఆంటీ అన్నావంటే నీ ఫోను నల్ల సంచిలో వేస్తాను," అని ఆవిడ కసిరాక పెద్దమ్మా అనడం మొదలుపెట్టింది.

"మీ గురించి రెండు ముక్కలు చెప్పండి పెద్దమ్మా. జనం కదిలిపోతారు," అని రోజూ వెంటపడేది.

"వాళ్లు కదిలితే నాకేం? ముందు నువ్వు వెలుతురుకు అడ్డం జరుగు," అనేది ఈవిడ.

అలా ఏడు నెలలు గడిచాయి. ఒక రోజు మధ్యాహ్నం తిండి తిని వచ్చి నల్ల సంచి విప్పి, అలవాటుగా చెయ్యి పెట్టింది. బురద, గవ్వలు, నాచు. వాటి కింద ముడి, ఎడమకు వాలిన కొస. పక్క ముడి కూడా ఎడమకే. తన వలలు రేవులో చాలా పడవలు వాడాయి, ఇది ఎవరిదైనా కావచ్చు అని తనకు తానే చెప్పుకుంటూ, పైతాడు వెంట వేళ్లు జరుపుకుంటూ పోయింది. నాలుగు నెలలు అల్లిన ఆ వలకు ఎర్ర దారంతో అంచు కట్టింది. ఇంకే వలకూ అలా కట్టలేదు. నాచు గోకితే ఎరుపు కనిపించింది.

పడవ మీదికి లాగడానికి వీలుగా పిల్లలు దాన్ని నిన్ననే నాలుగైదు చోట్ల కోశారు. ఆ కొసలన్నీ తెల్లగా మెరుస్తున్నాయి. ఆవిడ వాటిని పక్కకు తోసి, పాత కొస వెతికింది. దొరికింది. నాచు పట్టి నల్లబడి ఉంది. తుడిచి చూసింది. పోగులన్నీ ఒక్క మట్టాన ఉన్నాయి.

కోశాడు.

ఆవిడ అక్కడే నేల మీద కూలబడింది. ఏడుపు రాలేదు, ఊపిరి మాత్రం తొమ్మిదేళ్ల తర్వాత కడుపు దాకా వెళ్లొచ్చినట్టయింది. అప్పుడు కనిపించింది, ఆ పాత కొసకు జానెడు దూరంలో సన్నతాడు మొదలు ఒకటి. దాన్ని మాత్రం నిన్నే కోశారు, లోపల తెల్లగా ఉంది. వల కోసి వదిలెయ్యాల్సి వస్తే వేటగాళ్లు ఆ కొసకు తేలేదేదో ఒకటి కట్టి వదులుతారు, గాలి తగ్గాక మళ్లీ వచ్చి వెతుక్కోవడానికి. ఇక్కడ ఏదో కట్టి ఉంది.

ఆవిడ లేచి వీడియో పిల్ల దగ్గరకు పరుగులాంటి నడకతో వెళ్లింది. "నిన్న ఎర్ర అంచు వల తీశారు కదా, దాని కొసకు ఏం కట్టి ఉంది?"

పిల్లకు గుర్తు లేదు. కానీ వాళ్లు తుమ్మినా దగ్గినా తీసిపెట్టుకునే రకం. ఇద్దరూ సంచుల మీద కూర్చుని నిన్నటి వీడియో ముందుకీ వెనక్కీ జరిపారు. వల పైకి వచ్చింది. దాని కొసకు గవ్వలు పట్టిన నీళ్ల క్యాను వేలాడుతోంది. వీడియోలో ఈ పిల్లే "ఇదిగో ఇంకో క్యాను!" అని నవ్వుతూ కత్తి అందుకుంది.

"ఆపు," అంది ఎడంచేతమ్మ.

బొమ్మ ఆగింది. క్యాను పిడికి చుట్టిన ఎర్ర దారం అక్కడక్కడా మిగిలి ఉంది. వేళ్లకు ఒరుసుకోకుండా ఆవిడే చుట్టింది. తాడుకు వరసగా నాలుగు ముళ్లున్నాయి. రెండు చాలురా బాబూ అని ఎన్నిసార్లు వెక్కిరించినా సరంగు ఎప్పుడూ నాలుగే వేసేవాడు.

తాగే నీళ్లు పారబోసి కట్టాడు. ఇంటికి వద్దామని వల కోశాడు. ఆవిడ తిడుతుందని, మళ్లీ వచ్చి దాన్ని తీసుకుందామనుకున్నాడు. ఆ గాలిలో, ఆ నీళ్లలో, నాలుగు ముళ్లూ వేసేదాకా ఆగాడు.

"ఆ క్యాను ఏది?" అంది.

నీలం సంచులు పొద్దున్నే మిషన్లోకి వెళ్లిపోయాయి. అచ్చులు గోడ వారన పేర్చి ఉన్నాయి. సంగతంతా విన్న పిల్ల మొహం పాలిపోయింది. "నేనే కోసేశాను పెద్దమ్మా," అని చేతుల్లో మొహం దాచుకుంది.

"నీకేం తెలుసు తల్లీ," అని ఆవిడ ఆ పిల్ల వీపు నిమిరింది. అంతలో తనకే కళ్లు నిండిపోయాయి.

"ఈ వీడియో ఎక్కడా పెట్టను. ఒట్టు," అంది పిల్ల.

"పెట్టు. నీ మాట వినేవాళ్లు అంతమంది ఉన్నారుగా. వలకు క్యాను కట్టి ఉంటే కొయ్యొద్దని చెప్పు. ముందు ఒడ్డుకు వచ్చి, ఇది ఎవరిదని అడగమను. దానికోసం ఎవరో మళ్లీ వద్దామనుకున్నారని చెప్పు."

వలను కొయ్యమని ఆ రోజు మేస్త్రీ అనలేదు. తనే తోపుడు బండి మీద పెట్టి ఇంటి దాకా తోసుకొచ్చి దింపి వెళ్లాడు.

ఆవిడ ఉండేది ఆడపడుచుతో కలిసి, గదిన్నర ఇంట్లో. ఆడపడుచు చేపలు శుభ్రం చేసే కంపెనీలో పని చేస్తుంది. అన్న చివరిసారి వేటకు బయల్దేరిన పొద్దున, గుమ్మం పక్కన తల దువ్వుకుంటూ, గడప తొక్కనివ్వనన్న ఆ మాట విన్నది ఆమె ఒక్కతే. తొమ్మిదేళ్లు ఒకే పొయ్యి మీద వండుకు తిన్నా ఇద్దరి మధ్యా ఆ ఊసు రాలేదు. సాయంత్రం ఆమె పని నుంచి వచ్చేసరికి గడప బయట వల, దాని పక్కన వదిన.

"మీ అన్న కోసేశాడే. మళ్లీ వచ్చి తీసుకుందామని క్యాను కట్టాడు," అంది ఎడంచేతమ్మ.

ఆడపడుచు చెప్పులు కూడా విడవకుండా పక్కన చతికిలబడింది. ఎర్ర అంచు తడిమింది.

"వదినా, ఆ రోజు నువ్వన్న మాటకు అన్నయ్య నవ్వాడు. నిన్ను చూపించి, ఎలా ఉడుకుతోందో చూడు అన్నట్టు నాకు కన్నుగీటాడు. నువ్వు అటు తిరిగి ఉన్నావు."

"తొమ్మిదేళ్లు ఎందుకు చెప్పలేదే?"

"ఎలా చెప్పను? ఆ మాట నీకు గుర్తుందో లేదో తెలియదు. నేనే గుర్తు చేసినట్టవుతుందని నోరు మూసుకున్నాను."

ఎడంచేతమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ నవ్వు ఎలా ఉండి ఉంటుందో ఆవిడకు బాగా తెలుసు. పై పెదవి ఒక పక్కకే లేస్తుంది. ఒక్క క్షణం వెనక్కి తిరిగి ఉంటే తనకూ కనిపించేది. ఇప్పుడు దాన్ని చూడాలని ప్రాణం కొట్టుకుపోయింది.

ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని వలను గడప దాటించి లోపలికి లాగారు. గది సగం నిండిపోయింది. ఆడపడుచు తలుపు వెయ్యబోతే ఆవిడ వద్దంది. గుమ్మంలో నిలబడి, ఇళ్ల సందులోంచి కనిపించే ఆ కాస్త సముద్రం వైపు చూస్తూ, గదిలో మనిషితో అన్నట్టే అంది.

"వల ఇంటికి వచ్చేసిందయ్యా. ఇంక నిన్ను ఏమీ అనను. రా."