మా అత్త అందరి ముందూ అన్న మాట

మా అత్త పోయిందని ఫోను వచ్చేసరికి నేను శ్రీకాకుళం నుంచి ఇంటికి వచ్చే బస్సులో ఉన్నాను. సీట్లో కూర్చోలేకపోయాను. మా ఊరి మలుపు దాకా తలుపు దగ్గరే నిలబడ్డాను. దినకర్మలు అయిపోయినా ఆ గాభరా పోలేదు. నోటిదురుసు మనిషని ఊరంతా ఆమెను తలుచుకుంటోంది. నాకు అండగా నిలిచింది ఆ నోరే. నా భర్తకు చెప్పే ఇది రాస్తున్నాను.

మాది చేపల వేట మీద బతికే ఊరు. పెళ్లైన కొత్తలో, ఆయన గుజరాత్ బోట్ల పని నుంచి వచ్చి వెళ్లాక, నాకు పొత్తికడుపు నొప్పి, జ్వరం పట్టుకున్నాయి. తర్వాత కుడివైపు పక్కటెముకల కింద పోటు. దగ్గినా, గట్టిగా ఊపిరి పీల్చినా ప్రాణం పోయేది. గ్యాసన్నారు, పిత్తాశయంలో రాయన్నారు. స్కానింగులో ఏ రాయీ కనబడలేదు. అత్త చేపల బేరం మానుకుని నన్ను శ్రీకాకుళంలో ఆడ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

డాక్టరు అత్తను బయట ఉండమని, తెల్లబట్ట అవుతోందా అని అడిగి పరీక్షలు చేయించింది. అది సుఖవ్యాధి, గర్భసంచి నుంచి పైకి పాకి కాలేయం మీది పొర వాచిందని చెప్పింది. నేనూ నా భర్తా ఇద్దరం మందులు వాడాలంది. నాకు పరాయి మగాడు తెలియదు. అయినా తప్పు నాదే అంటారని భయం. బస్టాండులో అత్తకు చెప్పేశాను.

"నాకు తెలుసే. ఇది నీది కాదు. ఆడు తెచ్చినాడు," అంది అత్త.

మందులకు నొప్పి తగ్గింది. గుసగుసలు తగ్గలేదు. కోడలికి పాడు రోగమట, పుట్టింటికి పంపేస్తారట అని చేపలు ఎండబెట్టే చోట ఆడవాళ్లు అనుకుంటుంటే అత్త వింది. చేపలు తిరగేస్తూనే, గొంతు పెంచకుండా అంది.

"రోగం నా కొడుకుది. దీనికి అంటించినాడు. అడగాలంటే నన్నడగండి, దీన్నేటనకండి."

నేను తలెత్తలేకపోయాను. ఇంటికొచ్చి, నా పరువు ఒడ్డున పరిచేశావని ఆమె మీద విరుచుకుపడ్డాను. "సిగ్గు దాసుకుంటే నొప్పి తగ్గుతాదేటే?" అని పొయ్యి వెలిగించుకుంది. కొన్నాళ్లకు పక్క వీధి కోడలొకామె ఇలాంటి బాధే చెప్పుకోవడానికి ఆమె దగ్గరికే వచ్చింది.

ఈ గుసగుసలకు ముందే, డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన రోజే అత్త ఫోను చేయగానే ఆయన రైలెక్కి వచ్చాడు. మాత్రలు, నీళ్లు ముందు పెట్టి, మింగేదాకా ఆమె అక్కడే నిలబడింది. ఒక్క మాట తిట్టలేదు. తర్వాత ఒడ్డుకు వెళ్లిపోయింది. ఆయన ఆమెకు ఒక్కగానొక్క కొడుకు. గుమ్మంలోంచి చూస్తున్నాను. వలల పక్కనుంచి ఆ చివరిదాకా నడిచింది, తిరిగొచ్చింది, మళ్లీ నడిచింది. అల మీదికొచ్చినా పక్కకు జరగలేదు. తడిసిన చీర కాళ్లకు చుట్టుకుంటున్నా అలాగే నడుస్తూ ఉంది.