బాపు కట్టిన నల్లా గద్దె

మా ఊళ్ళో ఇంటింటికీ నల్లా వచ్చిన ఏడాది నేను తొమ్మిదో తరగతి. భువనగిరి గుట్ట కనిపించేంత దూరంలో మా ఊరు, ఊరి చివర రాతి మిట్ట మీద మా గల్లీ. పైపులు వేసిన పనివాళ్ళు అందరి వాకిళ్ళలోనూ మోకాలెత్తున నల్లాలు బిగించి పోయారు. మా బాపుకు అది నచ్చలేదు. ఆయన తాపీ మేస్త్రి. అప్పట్లో యాదగిరిగుట్టలో లాడ్జీలు కడుతున్నాడు. అంతటి మేస్త్రి వాకిట్లో నల్లా నేలబారున ఉండటమా!

అసలు సంగతి వేరే. అంతకు ముందు ఎండాకాలం బోరింగు దగ్గర నిండు బిందె ఎత్తబోయి అమ్మకు నడుము పట్టేసింది. పదిహేను రోజులు మంచం దిగలేదు. అందుకే బాపు రెండు ఆదివారాలు కూర్చుని, గోడ వారగా నడుమెత్తు గద్దె కట్టి, పైపు పెంచి, గద్దె మీద బిందె పెడితే సరిగ్గా దాని నోట్లో పడేటట్టు నల్లా బిగించాడు. పని దగ్గర మిగిలిన నల్లరాతి ముక్కలు అడిగి తెచ్చి పైన పరిచాడు.

"ఇగ నువ్వు వంగే పని లేదు. బిందె గట్లనే చంకకు జరుపుకో, అంతే," అన్నాడు అమ్మతో. గల్లీ గల్లీ అంతా వచ్చి చూసిపోయింది. నేనైతే బడిలో రెండు రోజులు దాని గురించే చెప్పాను.

మొదటి వారం నీళ్ళు దూకాయి. ఆ తర్వాత ఊళ్ళో అన్ని నల్లాలూ తెరుచుకున్నాక మాది మాత్రం గుర్రుమని గాలి వదిలి ఊరుకునేది. పక్కింటి పెద్దమ్మ వాళ్ళ మోకాలెత్తు నల్లాలో సన్న ధార వచ్చేది. వాళ్ళు పట్టుకున్నాక అమ్మ వెళ్ళి, మళ్ళీ వంగి, మళ్ళీ ఎత్తి తెచ్చుకునేది. సాయంత్రమయ్యేసరికి నడుముకు మందు రాయమని నన్ను పిలిచేది.

"కింది గల్లోళ్ళు మోటర్లు పెట్టి గుంజుతుండ్రు. ఆదివారం పోయి అడుగుత. అటో ఇటో తేలాలె," అన్నాడు బాపు.

ఆ శుక్రవారమే మా ఫిజిక్స్ మేడం ఒక ఖాళీ నీళ్ళ సీసా తెచ్చింది. కాల్చిన మేకుతో దానికి పైన ఒకటి, నడుమ ఒకటి, అడుగున ఒకటి చిల్లులు పెట్టింది. నీళ్ళు నింపి, పట్టుకోమని నన్ను పిలిచింది. పై చిల్లు నీళ్ళు సీసా పక్కనే బద్ధకంగా కారాయి. అడుగు చిల్లు నీళ్ళు ఎగిరొచ్చి ముందు బెంచీ వాళ్ళ నోటుబుక్కుల మీద పడ్డాయి. క్లాసంతా ఒకటే గోల. మేడం నవ్వుతూ, "లోతు పెరిగితే పీడనం పెరుగుతుంది, పైకి పోతే తగ్గుతుంది," అని బోర్డు మీద రాస్తుంటే నాకు ఒళ్ళు జలదరించింది. పై చిల్లు మా నల్లా! అడుగు చిల్లు పెద్దమ్మ వాళ్ళది! ఊరంతా ఒకేసారి నీళ్ళు పట్టుకుంటే ఆ మిగిలిన కాస్త పీడనం మా గద్దె దాకా ఎక్కలేకపోతోంది, అంతే!

క్లాసు అయ్యాక మేడంకు చెప్పాను. "అనుకుంటే సరిపోదు, కొలిచి చూడు," అంది.

నాకు ముక్కు మీద కోపం, నోట్లో ఆగని మాట, రెండూ బాపు నుంచి వచ్చినవే. ఇంటికి పరిగెత్తి, అప్పుడే పని నుంచి వచ్చి చేతులు కడుక్కుంటున్న ఆయనతో, "బాపూ, మోటర్లు కాదు, నీ గద్దెదే తప్పు!" అని గల్లీ అంతా వినేటట్టు అరిచాను.

ఆయన మొహం మాడిపోయింది. "ఇరవై ఏండ్ల సంది తాపీ పడుతున్న. నాకు లెవెల్ నేర్పుతవా?"

తాతకు దగ్గులు నేర్పడమే అది. అయినా తగ్గలేదు. "నీ లెవెల్ పైపుతోనే చూపిస్త," అన్నాను.

లెవెల్ పైపు అంటే లోపలి నీళ్ళు కనిపించే సన్నటి గొట్టం. నీళ్ళు నింపి రెండు కొసలూ రెండు గోడల దగ్గర పట్టుకుంటే నీళ్ళు రెండు చోట్లా ఒకే ఎత్తున నిలుస్తాయి. మేస్త్రీలు దాన్ని చూసే గీతలు గీస్తారు. మర్నాడు పొద్దున నీళ్ళు వదిలే వేళకు దాని ఒక కొసను పెద్దమ్మ నల్లాకు తొడిగి, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించాను. రెండో కొసను నడిమి గోడ మీంచి తెచ్చి మా నల్లా పక్కన నిలువుగా పట్టుకున్నాను. గొట్టంలో నీళ్ళు ఎక్కాయి. గద్దె దాటాయి. నల్లా మూతికి రెండు వేళ్ళ పైన ఆగాయి.

అంటే నా లెక్కే తప్పు.

"చూసినవా? నీళ్ళు అందుతున్నయి. నల్లాల ఏదో చెత్త ఇరికింది. గద్దెది ఏం తప్పు లేదు," అన్నాడు బాపు. మొహం వెలిగిపోతోంది. గోడ అవతలి నుంచి పెద్దమ్మ, "పిట్ట కొంచెం కూత ఘనం!" అని నవ్వింది.

ఏడుపు ఆపుకుంటూ గొట్టం వదలబోయాను. "ఆగు," అన్నాడు బాపు. ఆయన నవ్వు ఆగిపోయింది. గొట్టాన్ని కింది నుంచి పైకి చూస్తున్నాడు. నిలువుగా ఉన్న భాగంలో మూడు చోట్ల గాలి బుడగలు, ఒక్కొక్కటి నా వేలంత పొడుగున, నీళ్ళను ముక్కలు చేసి కూర్చున్నాయి. నేను వాటిని చూడనే లేదు. పెద్దమ్మ కూడా చూడలేదు. ఆయన ఊరుకుంటే గద్దె నిలిచేది.

"బుడగుంటే లెవెల్ అబద్ధం చెప్తది బిడ్డా," అన్నాడు. "గాలికి బరువేముంటది? అదున్నంత మేర నీళ్ళు ఉత్తగనే పైకి కనవడతయి."

మా పుస్తకంలో లేని ముక్క అది! గోటితో గొట్టాన్ని టకటకా కొట్టాడు. ఒక బుడగ పాకుతూ పైకొచ్చి పోయింది, నీళ్ళు దిగాయి. రెండోది పోయింది, ఇంకా దిగాయి. మూడోది కూడా పోయేసరికి నీళ్ళు నల్లా మూతికి జానెడు కింద ఆగాయి.

బాపు చెవి మీది పెన్సిల్ తీసి, అదే ఎత్తున గోడ మీద తన చేత్తోనే అడ్డగీత గీశాడు. "నీదే కరెక్టు," అన్నాడు. నేను సిగ్గు లేకుండా గంతులేశాను. తర్వాత చూస్తే ఆయన నల్లరాతి మీద పడిన నీళ్ళను అరచేత్తో తుడుస్తున్నాడు. గెలిచినందుకు అంత బాధ అంతకు ముందు ఎప్పుడూ పడలేదు.

"పోనీ తియ్యి, వంగుడు నాకు కొత్తనా?" అంది అమ్మ.

"నువ్వు వంగొద్దనే కదనే కట్టింది," అన్నాడు.

ఆ రోజు పనికి పోలేదు. ముందు నల్లరాళ్ళు విరగకుండా ఊడదీసి పక్కన పెట్టాడు. తర్వాత సుత్తితో గద్దెను తనే పగలగొట్టాడు. నల్లాను మోకాలి కిందికి దించి, బిందె దిగేటట్టు గుంత తవ్వి సిమెంటు పూశాడు. సాయంత్రం నీళ్ళు వదిలినప్పుడు ధార బిందె అడుగున ఢణేల్మని పడింది! నేను పెట్టిన కేకకు గల్లీ పిల్లలంతా వచ్చారు. ఎవరూ అడగకపోయినా అందరికీ పీడనం పాఠం చెప్పాను.

బిందె నిండింది. అమ్మ కొంగు బొడ్లో దోపి వంగబోయింది. బాపు ఆమెను భుజం పట్టి పక్కకు జరిపి, తనే గుంతలోకి వంగి బిందె ఎత్తాడు. సరిగ్గా గద్దె ఉన్నంత ఎత్తున, నడుము దగ్గర పట్టుకుని నిలబడ్డాడు.

"ఇగ చంకకు జరుపుకో," అన్నాడు.

నేనిప్పుడు హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఫిజిక్స్ చదువుతున్నాను. మొన్న పొద్దున, పరీక్షలో మంచి మార్కులు వచ్చాయని చెప్పడానికి ఉరుకుల మీద ఇంటికి ఫోన్ చేశాను. అమ్మ నన్ను చెప్పనివ్వలేదు.

"జర ఆగి చెయ్యి బిడ్డా, నల్లా వచ్చింది. మీ బాపు బిందె పట్టుకొని నిలవడ్డడు."