మడిలో మొలిచిన ఎర్రబంతి

గింజ ఎంత చిన్నదైనా, దానిలో వేరు ఎటు పోవాలో చిగురు ఎటు లేవాలో ముందే నిర్ణయించిపెట్టిన పరమేశ్వరునికి నా మొదటి నమస్కారం. మట్టి కింద చీకట్లో జరిగేదాన్ని ఆయన ఒక్కడే చూస్తాడు. ఆయన పేరు తలచుకోకుండా పూల సంగతి ఎత్తుకోవడం నాకు చేతకాదు. మా నాన్నగారు పురాణం చెప్పేవారు. కథలోకి దిగేముందు ఆయన చాలాసేపు స్తోత్రంలోనే ఉండిపోతే పిల్లలం కునికిపాట్లు పడేవాళ్ళం. ఇప్పుడు ఆ అలవాటు నాకూ అబ్బింది. మీకు నిద్ర రాకముందే విషయంలోకి వస్తాను.

మాది గోదావరి వైపు. మా ఆయనకు పటాన్‌చెరు దగ్గర ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగం రావడంతో ఈ ప్రాంతానికి వచ్చాం. తర్వాత సంగారెడ్డి ఊరి చివర పోతిరెడ్డిపల్లిలో ఇల్లు కట్టుకున్నాం. ఇంటి చుట్టూ ఉన్నది మట్టి కాదు, లారీలతో తోలి పోసిన మొరం. గడ్డపార వేస్తే ఠంగుమంటుంది. బోరు నీళ్ళు పోసిన చోట ఎండకు తెల్లగా ఉప్పు తేలుతుంది. ఆ నేలలో పూల మొక్క బతకదని త్వరగానే తెలిసింది. కానీ పొద్దున దేవుడి దగ్గర నా చేత్తో పెంచిన పువ్వు లేకపోతే నాకు పూజ చేసినట్టే ఉండదు.

అందుకని డబ్బాలు పోగుచేయడం మొదలుపెట్టాను. పెరుగు డబ్బాలు, నూనె క్యాన్లు, మిఠాయి దుకాణం వాళ్ళిచ్చే పారదర్శకమైన పెట్టెలు, మా భజన మండలిలో ప్రసాదం పంచే మూత డబ్బాలు అన్నీ దాచేదాన్ని. శనివారం భజన అయ్యాక అందరూ చెప్పులు వెతుక్కుంటుంటే నేను ఖాళీ డబ్బాలు ఏరుకునేదాన్ని.

"ఇది ఇల్లా, కబాడీ కొట్టా? బయట బోర్డు పెట్టించమంటావా?" అనేవారు మా ఆయన.

ఇక్కడ చలికాలం గట్టిగానే ఉంటుంది. కార్తీకం దాటితే తెల్లవారుజామున మంచు దిగి ఎదురిల్లు కూడా కనిపించదు. ఆ చలిలో గింజలు ఆరుబయట మొలవాలంటే ఒక ఉపాయం ఉంది. పారదర్శకమైన పెట్టెలో ఎర్రమట్టి, ఇసుక, మాగిన ఎరువు కలిపి నింపి, గింజలు చల్లి, మూత పెట్టేయాలి. మూతకు చిల్లులు పొడవాలి. నేను వెలుగుతున్న అగరొత్తితో పొడుస్తాను. ప్లాస్టిక్కు మెత్తగా కరిగి చక్కటి చిల్లు పడుతుంది. పగటి ఎండ వేడి లోపల నిలుస్తుంది. రాత్రి మంచు మూత లోపలివైపు చుక్కలు కట్టి, పొద్దున మళ్ళీ మట్టి మీదే పడుతుంది. చలి ఉన్నా గింజ ఆలస్యంగానైనా లేస్తుంది. కాశీగోరింట, జినియా, సీతమ్మజడ అలాగే పెంచాను.

మా పక్కింటి పెద్దమ్మ ఇవన్నీ గోడ మీంచి చూసేది. వాళ్ళ సొంతూరు లక్డారం. ఉన్న పొలం అమ్మేశాక, కొడుకు కంపెనీ ఉద్యోగానికి దగ్గరని ఇటు వచ్చారు. ఒక కార్తీక సోమవారం పొద్దున ఆమె కొంగున ఏదో ముడి వేసుకుని మా గేటు తీసుకుని లోపలికి వచ్చింది.

"ఏంది బిడ్డా, గీ డబ్బలల్ల నిజంగనే మొలుస్తయా, లేకుంటే బొమ్మరిల్లు ఆడుతున్నవా?"

"చూడండి పెద్దమ్మా, మీ కళ్ళ ముందే ఉన్నాయిగా."

ఆమె వంగి, ఒక పెట్టె మూత మీద వేలితో తట్టింది. లోపల కాశీగోరింట మొలకల మీద నీటి చుక్కలు రాలాయి. తర్వాత కొంగు ముడి విప్పింది. తెల్లటి తోకలున్న నల్లటి సన్న గింజలు, గుప్పెడు కూడా లేవు.

"మా పొలం గట్ల మీది ఎర్రబంతి. బజార్ల దొరికే బంతి గాదిది. జెర చిన్నగుంటది గని, వాసన సూడు, ఇంటినిండ ఉంటది. ఏటా బొంతపల్లి స్వామికి శివరాత్రికి దీని దండే ఏస్త. మా అత్త మొక్కుకున్నది, ఆమె తర్వాత నేను. పోయినేడు ఎయ్యనీకి జాగ లేక ఎయ్యలే. గింజలు ముసలివైతున్నయ్. ఇగ ఈ ఏడు మొలవకుంటే ఇగ లేనట్టే."

ఆమె ఏడవలేదు. ఎండిన పప్పు ఏరుకున్నట్టు గింజల్లో పొట్టు ఏరుతూ చెప్పింది. కొనుక్కున్న పూలతో దండ కట్టవచ్చు, దేవుడు కాదనడు. కానీ ఆ గట్టు మీది పువ్వు మళ్ళీ ఎక్కడా దొరకదు. పొలం పోయింది, ఆ పొలంలో మిగిలినది ఈమె అరచేతిలో ఉంది.

గింజలు రెండు పాళ్ళు చేశాం. ఒకటి తన దగ్గర ఉంచుకుని, రెండోది నాకిచ్చింది. వెళ్ళేటప్పుడు గేటు దగ్గర ఆగి, "బిడ్డా, మంచిగ మడి గట్టి ఎయ్యి" అంది.

ఇక్కడే నేను పొరబడ్డాను. నారుమడి అన్న మాట నాకు తెలియక కాదు. కానీ మా పుట్టింట్లో 'మడి కట్టడం' అంటే తలస్నానం చేసి, ఎవరూ తాకకుండా ఆరేసిన బట్టో తడిబట్టో కట్టుకుని, ఇంకెవరినీ తాకకుండా దేవుడి పని చేయడం. దేవుడి పూలు కదా, పెద్దమ్మ ఎంత నిష్ఠగల మనిషి అనుకున్నాను. మర్నాడు చలిలో వణుకుతూ తలస్నానం చేసి, తడిబట్టతోనే ప్రసాదం డబ్బాల్లో ఆ గింజలు విత్తాను. ఎవరో తిన్న మిఠాయి పెట్టెలు వాడలేదు. ఉప్పు తేలే బోరు నీళ్ళు కాకుండా మంజీరా నది నల్లా నీళ్ళు పట్టి ఉంచి, అవే చల్లాను.

సాయంత్రం ఆమె గోడ అవతలినుంచి కేకేసింది. "మడి గట్టినవా బిడ్డా?"

"కట్టాను పెద్దమ్మా. తలస్నానం చేసి తడిబట్టతోనే వేశాను."

ఆమె గోడ మీంచి తల పైకెత్తి నన్ను చూసింది. తర్వాత, "తానం గూడ జేసినవా! నీకు చలి వెట్టలేదా తల్లీ?" అంది. ఆంధ్రా వాళ్ళ పద్ధతులు ఇట్లాగే ఉంటాయని అనుకుని ఉంటుంది. నేను ఆమె మెచ్చుకున్నదని అనుకున్నాను.

పెద్దమ్మ తన పాలు గింజలు నీలం డ్రమ్ములో వేసింది. ఈ ప్రాంతంలో ఆ డ్రమ్ము లేని ఇల్లు లేదు. రసాయనాల కంపెనీల్లో వాడేసినవి రోడ్డు పక్క కొట్లలో అమ్ముతారు, జనం నీళ్ళకు కొనుక్కుంటారు. ఆమె కొడుకు ఒకదాన్ని అడ్డంగా కోయించి తెచ్చాడు. ఎంత తోమినా లోపల ముక్కు పొడిచే వాసన పోలేదట. "మట్టి వోస్తే అదే పోతది" అనుకుందామె. మా ప్రసాదం డబ్బాల్లో దారాల్లా మొలకలు లేచాక కూడా ఆ డ్రమ్ములో ఒక్కటీ లేవలేదు. వేలితో మట్టి తీసి చూస్తే గింజలు నల్లగా కుళ్ళిపోయి ఉన్నాయి. అడుగున తెల్లటి పొర కట్టింది. ఆమె డ్రమ్మును కాలితో ఒక్క తోపు తోసింది.

"ఇగ అన్నీ నీ దగ్గరనే ఉన్నయ్ బిడ్డా. జెర పైలం."

సరిగ్గా అప్పుడే మా పుట్టింటి ఊళ్ళో నామ సప్తాహానికి రమ్మని కబురు వచ్చింది. ఏడు రోజులు అఖండంగా నామం నడుస్తుంది. చిన్నప్పటినుంచి తప్పించుకోని పని అది. మొలకలు మూతలకు తగులుతున్నాయని మూతలు తీసేశాను. వాటికి రోజూ కాసిన్ని నీళ్ళు పడాలి. మా ఆయనకు అప్పజెప్పాను. "దేవుడి పూలు, మడిలో ఉన్నాయి. స్నానం చేయకుండా ముట్టుకోకండి" అన్నాను.

సప్తాహంలో కూర్చున్నా నా మనసు సగం డబ్బాల మీదే ఉంది. ఫోన్ చేసి అడిగితే "బాగానే ఉన్నాయి" అన్న ఒక్క మాట తప్ప ఈయన ఇంకేమీ చెప్పేవారు కాదు. తిరిగి వచ్చి బస్సు దిగీ దిగగానే పెరట్లోకి పరిగెత్తాను. మట్టి తడిగా ఉంది. మొలకలకు మొదటి జత ఆకుల పైన అసలు ఆకులు వచ్చాయి, రంపపు అంచులతో.

"రోజూ పోశారన్నమాట. ఎంత మంచివారండీ!" అన్నాను.

మా ఆయన చెవి గోక్కున్నారు. "నేను కాదు. ముట్టుకోవద్దన్నావు కదా, నేను ముట్టుకోలేదు."

"స్నానం చేయకుండా అన్నాను!"

"ఆ సగం నాకు వినపడలేదు."

అసలు జరిగింది తర్వాత ఆయనే నటించి చూపించారు. నేను వెళ్ళిన మర్నాడు పెద్దమ్మ చెంబుతో వచ్చిందట. ఈయన వరండాలో పేపరు చదువుతూ, "వద్దమ్మా, అవి మడి. ముట్టుకోకూడదట" అన్నారట.

"మడి అయితేనే గదా సారూ, నీళ్ళు వెట్టాల్సింది."

"మడి కాబట్టే ఎవరూ తాకకూడదమ్మా."

"తాకకుండ నీళ్ళెట్ల వెడ్తరు సారూ? మీ దిక్కు మడికి నీళ్ళు వెట్టరా? మరి వడ్లెట్ల పండుతయ్?"

మా ఆయన ఇంజనీరింగ్ చదివారు. వడ్ల సంగతి ఆ చదువులో లేదు. పేపరు మడిచి, "కానివ్వండి" అన్నారట. ఆమె రోజూ వచ్చి నీళ్ళు పోసింది. ఆరో రోజుకు గానీ ఇద్దరూ మాట్లాడుతున్నది రెండు వేర్వేరు మడుల గురించని ఆయనకు వెలగలేదు.

నేను నవ్వి నవ్వి మెట్ల మీద కూలబడ్డాను. పెద్దమ్మకు చెబితే కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "అయ్యో బిడ్డా, గందుకా నువ్వు చలిల తానం జేసింది! నేను గట్టు వెట్టు, మట్టి మెత్తగ జెయ్యి అన్న!" అప్పటినుంచి మా ఇంట్లో నేను మడి కట్టుకున్నప్పుడల్లా మా ఆయన "నీళ్ళు పెట్టమంటావా?" అని అడుగుతారు.

అదంతా నవ్వుగానే సాగినా, పూజలో కూర్చున్నప్పుడు ఒక విషయం నాకు గుచ్చుకుంది. మడి పేరుతో నేను దూరంగా ఉంచమన్న మొక్కలు ఎవరో వచ్చి తాకబట్టే బతికాయి. వచ్చినావిడ ఆచారమేదీ అడగలేదు, దాహం చూసింది. దేవుడు ఆ చెంబు రూపంలో వచ్చాడని నేను నమ్ముతున్నాను. మండలిలో ఈ మాట చెబితే ఒకరిద్దరు మొహం ముడుచుకున్నారు. నా నమ్మకం మాత్రం సడలలేదు.

మొక్కలను నూనె క్యాన్లలోకి మార్చాం. పుష్యమంతా చలి విడవలేదు. కొన్ని రాత్రులు కంపెనీల వైపునుంచి ఘాటు వాసన మంచుతో కలిసి దిగేది, కిటికీలు మూసుకునేవాళ్ళం. మొక్కలకు ఆ వీలు లేదు. వాటి మీద పాత చీర కప్పేదాన్ని. అయినా సగం మొక్కలు గిడసబారి, మొగ్గ తొడగకుండా నిలిచిపోయాయి. శివరాత్రి దగ్గరపడుతోంది. పెద్దమ్మ రోజూ వచ్చి మొగ్గలను వేలితో ఒత్తి చూసేది, నేను దండం పెట్టుకునేదాన్ని. "ఈ చలి ఒక్కటి తగ్గించు స్వామీ" అని అడిగాను. తగ్గలేదు.

శివరాత్రి పొద్దుటికి ముందువరస మొక్కల మొగ్గలు విచ్చాయి. చిన్న పూలు, నిండు ఎరుపు, అంచున సన్నటి పసుపు గీత. ఆమె చెప్పిన వాసన నిజమే, పెరడంతా నిండింది. పెద్దమ్మ విచ్చిన ప్రతి పువ్వూ కోసింది. ఒక్కటి గింజకు ఉంచమన్నాను.

"స్వామికని జెప్పి ఎంచుకుంట కూసుంటమా బిడ్డా? మొక్కు మొక్కే" అంది. నేను పూలబుట్ట ఆమె ముందుకు జరిపాను. అది ఆమె మాట, ఆమె దేవుడు. మధ్యలో నేనెవరిని?

దండకు పూలు చాలలేదు. మధ్య మధ్య మారేడు దళాలు పెట్టి కట్టింది. ఇద్దరం బొంతపల్లి వెళ్ళాం. ఆ రద్దీలో ఆమె మునివేళ్ళ మీద లేచి పూజారి చేతికి దండ అందించింది. దండ స్వామి మీద పడటం నేను చూశాను. ఆమె చూడలేదు. కళ్ళు మూసుకుని ఉంది.

నాకు మాత్రం తిరుగు ప్రయాణమంతా ఒకటే దిగులు. మొక్కు తీరింది, గింజ పోయింది. ఇంటికి వచ్చి గేటు తీసి చూస్తే, చలికి గిడసబారిన ఆ వెనకవరస మొక్కల్లో ఒకదానికి తల పైకెత్తిన మొగ్గ ఉంది. పక్కదానికి ఇంకొకటి. ఏ చలిని తగ్గించమని రోజూ మొరపెట్టుకున్నానో ఆ చలే వాటిని ఆపి ఉంచింది. అన్నీ వేళకు పూసి ఉంటే అన్నీ కోసేవాళ్ళం. ఆయన నా ప్రార్థన వినలేదని నేను అనుకుంటుంటే, నాకు తోచని అవసరాన్ని ఆయన చూసుకుంటున్నాడు.

ఆ పూలు ఎండలు ముదిరేదాకా మొక్క మీదే ఎండాయి. పెద్దమ్మ వాటిని ఒళ్ళో పోసుకుని నలిపి గింజలు తీసింది. ఇప్పుడు మళ్ళీ కార్తీకం. ఈ ఉదయమే ఇద్దరం కలిసి ఆ గింజలు డబ్బాల్లో చల్లి మూతలు పెట్టాం. పాత గింజల నుంచి పుట్టినవి కదా, సత్తువ ఎంత ఉందో మాకు తెలియదు. రాత్రికి మంచు కురిసేలా ఉంది.

ఇది చదువుతున్న మీరు దేవుణ్ణి ఏ పేరుతో పిలిచినా సరే, ఒక్క నిమిషం మాతో పాటు కళ్ళు మూసుకోండి. స్వామీ, మట్టిలో ఉన్నవాటిని మరచిపోకు. భూమి పోయినవాళ్ళ చేతుల్లో మిగిలిన గింజను వట్టిపోనివ్వకు. దాహం వేసిన చోటికి ఎవరో ఒకరిని చెంబుతో పంపు. మేము అడిగింది కాక, మాకు కావలసింది ఇవ్వు. మీ నోటితో కూడా ఆ మాట ఒక్కసారి అనండి.