గేటు టైముకు పెట్టిన ఎన్నిక

ఆ రోజుల్ల నాకు రాజ్యాంగం మీద ఉన్నంత నమ్మకం దేవుని మీద గూడ లేకుండె. అశోక్‌నగర్‌ల గ్రూప్స్‌కు చదివే ఆడపిల్లలం, పొద్దున పళ్లు తోముకుంట ఆర్టికల్స్ అప్పజెప్పుకునేటోళ్లం. అసొంటి హాస్టల్‌ల ప్రజాస్వామ్యం ఖూనీ అయితుంటే నేను ఊకుంటనా? (ఊకుంటే బాగుండు అని మా అమ్మ ఇప్పటికీ అంటది.)

సంగతేందంటే, గేటుకు ఎప్పుడు తాళమెయ్యాల్నో తేల్చే పని మా ఓనరాంటీ మాకే ఒదిలిపెట్టింది. "మీరే ఒక లీడర్ను ఎన్నుకోండ్రి, ఆమె ఎప్పుడంటే అప్పుడే తాళం. నా పానం మాత్రం తినకుండ్రి" అన్నది. ముగ్గురం నిలబడ్డం. ఏడింటికే గేటు పడాలె అని క్రమశిక్షణక్క పట్టు (ఆమె పెందలాడే పండుకునే మనిషి, మేం పెట్టుకున్న పేరది). నేను తొమ్మిదన్న. ఎప్పుడూ లెక్కలు చేసుకుంట కూసునే లెక్కలక్క ఎనిమిదిన్నర అన్నది. అరగంట తేడాకు ఇద్దరం నిలబడ్డం! ఏడింటికి గేటేస్తే అందరికంటె ఎక్కువ నష్టం నా రూమ్మేట్ పాలమూరక్కకు. వయసు దాటిపోతున్నది, ఆమెకు అదే ఆఖరు నోటిఫికేషన్. పగలంత నారాయణగూడల బట్టల షాపుల నిలబడి, సాయంత్రమైతే చిక్కడపల్లి లైబ్రరీల కూసునేది. చదువుకునుడంటే ఆమెకు ఆ కాసేపే. రూముల ఆరుగురం, ఎవరో ఒకరు ఫోన్ల మాట్లాడుతనే ఉంటరు, అక్కడేం చదువుతది?

ఓట్లేసినం. సగం కంటె ఎక్కువ మంది ఏడు వద్దన్నోళ్లే. కానీ ఆ ఓట్లు నాకింత, లెక్కలక్కకింత చీలిపోయి క్రమశిక్షణక్క గెలిచింది. నా ఒళ్లు మండిపోయింది. ఎక్కువ మంది వద్దన్నదాన్ని అందరి నెత్తిన రుద్దుడేంది? ఊరిల, పట్నంల, దేశమంత ఇదే తీరు, వద్దన్నోళ్లు చీలితే చాలు కుర్సీ దొరుకుతది! రెండు పూటలు అన్నం సయించలే నాకు.

మూడో పూట మెస్‌ల స్టీలు గ్లాసు మీద చెంచాతోని కొట్టి సభ పెట్టిన. "మళ్ల ఓటేద్దాం. ఈసారి ఒక్క టిక్కు గాదు. రాష్ట్రపతి ఎన్నికల లెక్క ఒకటి, రెండు, మూడు అని వరుసగ రాయాలె. ఎవరికీ సగం దాటకుంటే, అందరికంటె తక్కువ వచ్చినామెను తీసేసి, ఆమె చీటీల మీద రెండో అంకె ఎవరికుంటే వాళ్లకు కలుపుతం" అన్న. "ఆర్టికల్ యాభై ఐదు" అని మూలకెల్లి ఎవరో అందించిన్రు. క్రమశిక్షణక్క గూడ "న్యాయమే, కానియ్యండ్రి" అన్నది. అందరికీ అన్నీ తెలుసు మరి!

ఆదివారం ఆంటీ చట్నీ గిన్నె కడిగి ఇచ్చింది, చీటీలు అందులనే ఏసినం. ఎవరికీ సగం దాటలే, నేను ఆఖర్ల ఉన్న. ఫికర్ లేదు, నా చీటీలన్నీ లెక్కలక్కకే పోతయని ఖుషీగ తప్పుకున్న. ఒక్కొక్కటే విప్పితే, నా పేరు పక్కన ఒకటి, కింద ఖాళీ. ఇంకోటి, ఖాళీ. అన్నీ ఖాళీనే! పాలమూరక్క చేతిరాత నేను ఎక్కడున్నా గుర్తుపడ్త, అది గూడ ఖాళీ.

"రెండో అంకె ఎందుకు రాయలే అక్కా?" అని ఒర్రిన.

"పక్కా తెల్వంది ముట్టుకోవద్దని కోచింగ్‌ల సార్ చెప్పలేదానే? నెగెటివ్ మార్కులుంటే?" అన్నది. చుట్టున్నోళ్లంత తలలూపిన్రు.

నా చీటీలు ఎవరికీ కలవక క్రమశిక్షణక్కనే మళ్ల గెలిచింది, ఈసారి నా పద్ధతి ప్రకారమే. లెక్కలక్క నాతోని మాట్లాడుడే బంద్ చేసింది.

"వ్యవస్థ మారాలె అక్కా, ఇంకోసారి సభ పెడ్త" అన్న. "నీ వ్యవస్థ మారేదాక గేటు ఏడింటికే పడ్తది. నాకంత టైమ్ లేదే" అని పాలమూరక్క ఆ వారమే దోమలగూడల వేరే హాస్టల్ చూసుకున్నది. పుస్తకాల సంచి మోసుకుంట నేనే ఎంబడి పోయిన. అక్కడ గేటు తొమ్మిదింటికట!

"ఇక్కడ లీడర్ ఎవరు? ఓట్లు ఎట్లేస్తరు?" అని ఆత్రంగ అడిగిన.

"ఓట్లు గీట్లు లేవు. ఓనర్ మంచోడు, తొమ్మిదన్నడు, అంతే." చేతులు రెండూ జోడించింది. "నువ్వు మాత్రం ఇక్కడ ఎన్నిక పెట్టకే తల్లీ, దండం పెడ్త."

ఆ నోటిఫికేషన్ల అక్కకు ఉద్యోగమొచ్చింది. నాకు తర్వాత వచ్చింది. ఇప్పుడు ఎలక్షన్ డ్యూటీల కూసోని జనాల వేళ్లకు సిరా పెడ్తుంటే, అక్క దండం యాదికొచ్చి నాలో నేనే నవ్వుకుంట. కానీ ఆ రోజు దోమలగూడ నుంచి గులుగుకుంట ఒక్కదాన్నే నడిచొచ్చిన కదా, ఓనర్ మంచోడు గాకపోతే అక్క గతేంది అని? ఆ మాటకు ఇప్పటికీ ఎవరూ నాకు జవాబు చెప్పలే. పాపం అప్పటి నాలోని ఆ పిల్ల, ఎంత గొంతు చించుకున్నదో.